చెప్పగూడని అంకె

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో చుట్టుపట్ల శిక్షణ తరగతులు, హాస్టళ్లు దట్టముగా నున్నవి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై నల్లగొండ, ఖమ్మము వైపు నుండి వచ్చిన యువకులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉందురు. సబ్బు, చొక్కా, ఛార్జరు పంచుకొన్నట్లే ఫోనును, దాని పిన్ నంబరును గూడ పంచుకొందురు. చెప్పనన్నవాడు స్నేహమెరుగనివాడు! కంప్యూటరు భద్రతను గూర్చి ప్రసంగించువారు యంత్రములను వర్ణించి ఈ మర్యాదను విస్మరించుట పెద్ద లోపమని నా అభిప్రాయము.

యంత్రము తన పని తాను చేయుచునే యున్నది. ఇంటర్నెట్టులో కార్డుతో కొనుగోలు చేయునపుడు రెండవ పరీక్ష యొకటి ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి నిర్బంధము చేసినది. ఫోనుకు వచ్చు ఓటీపీ అట్టిదే: ఒక్కసారికే పనికివచ్చి, కొద్ది నిమిషములలో చెల్లిపోవు అంకె. దానిని ఊహించి పట్టుకొనుట కష్టము. అడిగి తెలిసికొనుట సులభము. పేరుమోసిన కంప్యూటరు చొరబాటుదారు కెవిన్ మిట్నిక్ 2000లో అమెరికా సెనేటు సంఘము ఎదుట చెప్పినదియు ఇదియే. టెలిఫోనులో వేరొకరివలె నటించి అడుగుటతోనే పని జరిగెననియు, సాంకేతిక విద్య అవసరము అరుదుగా కలిగెననియు అతని వాంగ్మూలము.

అడుగువాడు మన దురాశనే గాక మన మంచితనమును గూడ వాడుకొనును. దిల్‌సుఖ్‌నగర్ నుండి మెట్రోలో మూడవ స్టేషను ఎల్.బి.నగర్. అచ్చటి కాలనీలో రిటైరైన గుమాస్తా యింట ఫోను మ్రోగినదనుకొందము. "సార్, బ్యాంకు నుంచి. మీ ఖాతా ఈ సాయంత్రానికి ఆగిపోతుంది." ముప్పది యేండ్లు పై అధికారి అడిగినంతనే జవాబిచ్చిన మనిషి, "మీరెవరు?" అనుటకు సంకోచించును. "అబ్బాయిని ఒక్కసారి అడగరాదా" అని భార్య అనబోవును. కాని ఎవరికిని చెప్పరాదని ఆ గొంతు ముందే కట్టడి చేసియుండును. 'డిజిటల్ అరెస్టు' బెదిరింపుది గూడ ఇదే తీరు. చట్టములో అట్టి ఏర్పాటే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్' రేడియో ప్రసంగమున స్పష్టపరచిరి.

నష్టమెవరిది? రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తరువున, ఖాతాదారు తన రహస్య వివరములను తానే చెప్పినచో, బ్యాంకునకు తెలియపరచువరకు కలిగిన నష్టమంతయు అతనిదే. తెలియపరచిన పిదప కలుగు నష్టము బ్యాంకుది. కనుక ప్రతి నిమిషమునకును విలువ కలదు. 1930 అను టెలిఫోను నంబరు ఏర్పడినది ఇందుకే. వెంటనే ఫిర్యాదు చేసినచో సొమ్ము చేతులు మారకముందే ఖాతాలలో నిలిపివేయు అవకాశముండును.

అయితే కోచింగు ఫీజు పోగొట్టుకొన్న కుర్రవాడు ఆ రాత్రి ఫోను చేయడు. ఊరిలో తండ్రి తిట్టును, గదిలో స్నేహితులు నవ్వుదురు. తెల్లవారుసరికి సొమ్ము ఎన్ని ఖాతాలు దాటునో! పిల్లవానిని హాస్టలునకు పంపునాడే, "డబ్బు పోతే ముందు 1930కి, బ్యాంకుకి చెయ్యి. తర్వాత నాకు చెయ్యి, నేనేమీ అనను" అని తండ్రి చెప్పియుంచినచో, ఆ రాత్రి ఫోను చేయుటకు వానికి ధైర్యముండును.