దూరదేశపు విద్యార్థిని రప్పించు విద్య

విశ్వవిద్యాలయమందలి ఏ విజ్ఞానశాస్త్రశాఖకైనను పేరుప్రతిష్ఠలు కలుగుట అచ్చట బోధించు ఆచార్యులవలనను, అచ్చటికి వచ్చి పరిశోధన చేయు విద్యార్థులవలనను గదా. ఆచార్యులను గూర్చి లోకము తఱచుగా మాటలాడుకొనును. వారికి గొప్ప బహుమానము లభించిననాడు పత్రికలు వారి ఛాయాచిత్రములను ప్రకటించును. అయితే ఆ బహుమానమునకు హేతువైన ప్రయోగమును రేయింబవళ్లు పరికరములయొద్ద నిలిచి నడపినవారిలో, తప్పిన లెక్కను మరల మొదటినుండి కట్టినవారిలో, పెక్కురు స్నాతకోత్తర విద్యార్థులే. అట్టివారిని స్వదేశమునుండియే గాక దూరదేశములనుండియు రప్పించుకొనుట నేడు ప్రపంచమందలి విశ్వవిద్యాలయములకు ప్రధానకార్యమైనది. ఏటేట పిల్లలను సాగనంపుటకై విమానాశ్రయములకు వచ్చు తెలుగు కుటుంబములు ఈ వ్యవహారమును విద్యార్థి పక్షమునుండి మాత్రమే ఎఱుగుదురు. పిలుచువారి పక్షమున నేమి జరుగుచున్నదో, ఏ శాఖకు విద్యార్థులు తమంతట తాము వత్తురో, ఏ శాఖ యెంత ప్రకటించుకొన్నను ఏల ఖాళీగా నుండునో తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరము.

ఈ కార్యమునకు మూలపురుషుడని చెప్పదగినవాడు జర్మనీ దేశపు రసాయన శాస్త్రవేత్త లీబిగ్. 1824లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఆయన గీసెన్ అను చిన్నపట్టణమున ఆచార్యుడుగా నియమితుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయమునకు ధనమును లేదు, దేశాంతర ఖ్యాతియును లేదు; సైనికుల పాతకొట్టములకు చేరిన కావలిగృహమే ఆయన ప్రయోగశాల. అప్పటివఱకు రసాయనశాస్త్రమును చేతితో నేర్వగోరువాడు ఎవరేని పండితుని స్వంత ప్రయోగశాలలో స్థానమును యాచింపవలసివచ్చెడిది. లీబిగ్ ఆ ద్వారమును విశాలముగా తెఱచెను. అందుకు ఆయనకు తోడ్పడినది 1831లో ఆయన ప్రకటించిన ఒక గాజు పరికరము: త్రికోణాకృతిగా వంచిన సన్ననిగొట్టమున ఐదు బుడ్డలు, వానిలో పొటాష్ క్షారజలము. పరీక్షింపదలచిన పదార్థమును తూచి, రాగి ఆక్సైడుతో గలిపి, వేఱొక గొట్టములో నుంచి బొగ్గులసెగను మండింపగా, అందలి హైడ్రోజను నీటియావిరిగను, కర్బనము బొగ్గుపులుసు వాయువుగను వెలువడును. ఆవిరిని కాల్షియం క్లోరైడు పీల్చుకొనును. వాయువును బుడ్డలలోని క్షారజలము పీల్చుకొనును. ప్రయోగమునకు ముందును వెనుకను బుడ్డలను తూచినచో, పెరిగిన బరువును బట్టి ఆ పదార్థమున కర్బనమెంత యున్నదో తేలిపోవును. మహాపండితులకు మాత్రమే సాధ్యమై, వారికిని దీర్ఘకాలము పట్టుచుండిన పరీక్షను, శ్రద్ధగల సామాన్య విద్యార్థి సైతము చేయగలిగెను.

ఆ విద్యను నేర్చుకొనుటకై ఇంగ్లండునుండియు, ఫ్రాన్సునుండియు, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి అమెరికానుండియు యువకులు ఆ కుగ్రామప్రాయమైన పట్టణమునకు తరలివచ్చిరి. వచ్చినవారు తిరిగిపోయి తమ దేశములందు అట్టి ప్రయోగశాలలనే కట్టిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున రసాయన ప్రయోగశాలను నిర్మించిన హార్స్‌ఫర్డు గీసెన్‌లో చదివినవాడు. 1845లో లండన్ నగరమున స్థాపితమైన రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీకి అధిపతిగా వెళ్లిన హాఫ్‌మన్ లీబిగ్ శిష్యుడే. విద్యార్థిని రప్పించు మొదటి సూత్రము ఇచ్చట స్పష్టముగా కానవచ్చుచున్నది: మఱియొకచోట దొరకని విద్య యొకటి యుండవలెను, దానిని దాచుకొనక నేర్పు గురువుండవలెను.

రెండవసూత్రమును అమెరికా నేర్పినది. ఆ దేశపు మేధావులు ఉన్నతపరిశోధనకై జర్మనీకి వలసపోవుచుండిన కాలమున, 1876లో బాల్టిమోర్ నగరమందు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము వెలసినది. దాని ప్రథమాధ్యక్షుడగు గిల్మన్ భవ్యభవనములకంటె ముందుగా మనుష్యులను సమకూర్చుకొనెను. గణితమునకు ఇంగ్లండునుండి, అప్పటికే అఱువదియేండ్లు దాటిన సిల్వెస్టర్ మహాశయుని పిలిపించెను. రసాయనమునకు గోటింగెన్‌లో డాక్టరేటు పొందివచ్చిన రెమ్సెనును నియమించెను. అంతతో నాగక, ఏటికి 500 డాలర్ల చొప్పున 20 ఫెలోషిప్పులను ప్రకటించెను. పరిశోధక విద్యార్థి ఫీజు చెల్లించి పాఠము వినిపోవు వాడు కాడనియు, జ్ఞానోత్పత్తిలో భాగస్వామియనియు, కనుక వాని గ్రాసవాసములకు విశ్వవిద్యాలయమే పూచీపడవలెననియు ఆ నిర్ణయమున కర్థము. నేడు అమెరికాలో విజ్ఞానశాస్త్రములందు డాక్టరేటు చేయు విద్యార్థులకు సాధారణముగా ఫీజు మినహాయించి భృతి నిచ్చుచున్న ఆచారము ఆ మార్గముననే పెంపొందినది.

మూడవసూత్రము కేంబ్రిడ్జి చరిత్రమున కలదు. 1895లో ఆ విశ్వవిద్యాలయము తన నియమములను సడలించి, ఇతర విశ్వవిద్యాలయముల పట్టభద్రులు సైతము అచ్చట పరిశోధన చేసి పట్టము పొందుటకు అవకాశమిచ్చెను. ఆ సంవత్సరముననే న్యూజిలాండునుండి రూథర్‌ఫర్డు అను యువకుడు కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్‌కు శిష్యుడయ్యెను. ఆతడు వచ్చుటకు ఏటికి 150 పౌనుల విద్యార్థివేతనము ఆధారము. ఆ వేతనము 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున మిగిలిన ధనమునుండి పుట్టినది. తరువాత రూథర్‌ఫర్డు తానే మాంచెస్టరులో ఆచార్యుడైనప్పుడు, జర్మనీనుండి వచ్చిన గైగర్ అప్పటికే అచ్చట నుండెను; హంగరీనుండి హెవెసీ, డెన్మార్కునుండి నీల్స్ బోర్ ఆయన ప్రయోగశాలకు వచ్చిరి. పరమాణువునందు కేంద్రకమున్నదని తేల్చిన ప్రయోగములు అచ్చటనే జరిగినవి. ఒక నియమమును మార్చి ఒక పరదేశి యువకునికి చోటిచ్చినందున ఎట్టి ఫలము సిద్ధించునో ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

బ్రిటనులో పీహెచ్‌డీ అను పట్టమే పరదేశ విద్యార్థుల నాకర్షించు ఉద్దేశముతో ప్రవేశపెట్టబడినదని తెలిసిన చదువరులు ఆశ్చర్యపడుదురు. అమెరికా విద్యార్థులు ఆ పట్టమునకై జర్మనీకి పోవుచుండిరి. ప్రథమ ప్రపంచసంగ్రామము ఆ దారిని మూసివేసినది. వారిని తమవైపునకు త్రిప్పుకొనవలెనన్నచో వారు కోరు పట్టమునే ఈయవలెనని బ్రిటిషు విద్యాధికారులు గ్రహించిరి. 1917లో ఆక్స్‌ఫర్డును, అనతికాలమున తక్కిన విశ్వవిద్యాలయములును ఆ పట్టమును నెలకొల్పినవి.

ఈ సూత్రములలో ఒకటి లోపించినచో విద్యార్థి ఎన్ని యిడుములు పడునో తెలుపుటకు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము చాలును. 1920ల తొలినాళ్లలో ఆయన హార్వర్డుకు వెళ్లినప్పుడు గురువులుండిరి, ప్రయోగశాల యుండెను; బ్రతుకుటకు చాలినంత భృతి మాత్రము లేదు. మామగారి సాహాయ్యమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ యిచ్చిన సొమ్మును ఆయనను ఓడ యెక్కించినవి; బోస్టనులో ఆసుపత్రియందు రాత్రిపూట చిన్నకొలువు చేసి ఆయన పొట్ట పోసికొనవలసివచ్చెను. అట్టివాడే 1925లో హార్వర్డు ఆచార్యుడగు ఫిస్కేతో గూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించి, 1930లో డాక్టరేటు నందెను. ఆయన వంటివాడు కష్టమును సహించి నిలిచెను గాని, అట్లు నిలువలేక వెనుదిరిగిన ప్రతిభావంతుల పేళ్లు చరిత్రలో నుండవు.

నేటి విశ్వవిద్యాలయములు దూరదేశ విద్యార్థిని రెండు వేర్వేఱు ప్రయోజనముల నుద్దేశించి పిలుచుచున్నవి. పరిశోధక విద్యార్థికి శాఖ తానే భృతి నిచ్చును. ఆతడు ప్రయోగములు నడపును, దిగువతరగతుల ప్రయోగశాలలలో బోధించును, ఆచార్యునితో గూడి వ్యాసములు వ్రాయును. ఒకటి రెండేండ్ల మాస్టర్సు పట్టమునకు వచ్చు విద్యార్థి మాత్రము సాధారణముగా తానే పూర్తి ఫీజు చెల్లించుకొనును. ఇంగ్లండులో స్వదేశీయుల తొలిపట్టపు ఫీజునకు ప్రభుత్వము హద్దు విధించినది, పరదేశీయుల ఫీజునకు అట్టి హద్దు లేదు. కనుక ఆ సొమ్ముతోనే అనేక శాఖలు తమ లోటును పూడ్చుకొనుచున్నవి. బ్రిటను, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు పెక్కు మన నగరములలోని కన్సల్టెన్సీలకు, చేరిన విద్యార్థి కింతయని కమీషను చెల్లించుచుండును. ఇందు రహస్యమును లేదు, నేరమును లేదు. కాని సలహా చెప్పువానికి సొమ్మెవరిచ్చుచున్నారో తెలిసికొని వినుట తల్లిదండ్రుల ధర్మము.

సద్భావముగల శాఖను దాని ప్రవేశపత్రమును చదివి గుర్తింపవచ్చును. భృతితో డాక్టరేటునకు పిలుచు అమెరికా విశ్వవిద్యాలయపు పత్రమున ట్యూషన్ ఫీజు మినహాయింపు పూర్తిగనా, కొంతమేరకా యనునదియు, భృతి తొమ్మిదినెలలకా, సంవత్సరమంతటికా యనునదియు, ఆరోగ్యబీమా నెవరు చెల్లింతురనునదియు, టీచింగ్ అసిస్టెంటుగా వారమునకు ఎన్నిగంటలు పనిచేయవలెననునదియు స్పష్టముగా వ్రాయబడియుండును. ఆ గంటలు తఱచుగా ఇరువదికి మించవు. వచ్చు ఏడు భృతి కొనసాగుటకు విద్యార్థి ఏ ప్రమాణమును నిలుపుకొనవలెనో అందే చెప్పబడియుండును. భృతితోగూడిన ఆహ్వానమునకు ఏప్రిల్ 15వ తేదీకి పూర్వము బదులీయవలెనని విద్యార్థిని నిర్బంధింపరాదని ఆ దేశపు విశ్వవిద్యాలయములు పెక్కు ఒక ఒడంబడిక చేసికొన్నవి. తొందరపెట్టి ఒప్పించుకొన్న విద్యార్థి మనసు పెట్టి పనిచేయడని వారికి తెలియును.

అట్లే విద్యార్థి వ్రాయు ఉత్తరమును బట్టి ఆచార్యుడు వానిని గుర్తించును. ఒకే ఉత్తరమును పేరు మార్చి నూఱుగురికి పంపినచో అది చదువబడకయే మూలకు చేరును. ఆచార్యుని ఒక వ్యాసమును శ్రద్ధగా చదివి, అందలి ఒక సందేహమును నాలుగు వాక్యములలో అడిగి, తాను ఎం.ఎస్సీ.లో స్వయముగా చేసిన ప్రయోగమేదో చెప్పినవానికి బదులు వచ్చు అవకాశము మెండు. పరీక్షలలో వచ్చిన మార్కులు గడప దాటించును. లోపల కూర్చుండబెట్టునది జిజ్ఞాసయే.

విద్యార్థి చేరిన పిమ్మట తొలినెలలో జరుగునది మఱింత ముఖ్యము. అద్దెయిల్లు, బ్యాంకు ఖాతా, ప్రయోగశాల భద్రతానియమములు, విననలవాటు లేని ఉచ్చారణ, కొత్తచలి; వీనియందు చేయూతనిచ్చిన శాఖను విద్యార్థి జీవితాంతము స్మరించును. మరుసటియేడు ఇంటికి ఫోను చేసి తమ్మునితోడను, జూనియర్లతోడను ఆతడు చెప్పు నాలుగుమాటలకు సమానమైన ప్రకటన ఏ విశ్వవిద్యాలయమును అచ్చు వేయజాలదు. "అన్నా, అక్కడ గైడు ఎట్లుండును?" అని మన పిల్లలు సీనియర్లను అడుగు ప్రశ్నయే అన్ని ర్యాంకుల పట్టికలకంటె బలవత్తరమైనది.

మన దేశము ఈ విద్య నెఱుగనిది కాదు. 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతులైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి కాలమున, మాంచెస్టరులో రాబిన్సన్ శిష్యుడై వచ్చిన తిరువెంగడం రాజేంద్రం శేషాద్రిగారు రసాయనమునకును, రామన్ శిష్యుడగు సూరి భగవంతముగారు భౌతికమునకును వాల్తేరునకు వచ్చిరి. గురువులు వచ్చినంతనే శిష్యులును వచ్చిరి. అచ్చట గణితమున ఎం.ఏ. చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1941లో కలకత్తాలో మహలనోబిస్ నెలకొల్పిన భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు వెళ్లిరి. ఆ సంస్థలో వృద్ధిపొందిన విశ్లేషణ పద్ధతితో సూడాను దేశపు ప్రాచీనాస్థికలను పరిశీలింపగలవాడు కావలెనని కేంబ్రిడ్జిలోని మ్యూజియము అడుగగా, 1946లో ఆయన అచ్చటికి పోయి, గణాంకశాస్త్రవేత్త ఫిషర్‌కు శిష్యుడై 1948లో డాక్టరేటు పొందిరి. కలకత్తాలో పుట్టిన విద్యకై కేంబ్రిడ్జి మనిషిని పంపుమని కోరినది. 1950లో అదే కలకత్తాసంస్థ అంతర్జాతీయ గణాంకశాస్త్ర విద్యాకేంద్రమును స్థాపించి, ఆసియా, ఆఫ్రికా దేశముల విద్యార్థులకు శిక్షణ నీయ నారంభించెను.

ఇట్టి పూర్వచరిత్ర గల మనము నేడెచ్చట నున్నాము? 2023-24 విద్యాసంవత్సరమున ఒక్క అమెరికా దేశమందే 3,31,602 మంది భారతీయ విద్యార్థు లుండిరి. వారిలో సగమునకు మించినవారు స్నాతకోత్తర విద్యార్థులు. 2021-22 ప్రభుత్వ సర్వేక్షణము ననుసరించి భారతదేశమున చదువుచున్న పరదేశీయులందఱును కలిసి 46,878 మంది మాత్రమే. వారిలో అన్ని దేశములకంటె పెద్దవంతు మన పొరుగుననున్న నేపాలీయులది. ప్రభుత్వము 2018లో స్టడీ ఇన్ ఇండియా పథకమును ప్రారంభించినది. 2022లో యూజీసీ, పరదేశ విద్యార్థులకై ఉన్న సీట్లకు అదనముగా నూటికి 25 వఱకు సీట్లు సృష్టించుకొనవచ్చునని అనుమతించినది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములందు ఆఫ్రికా, పశ్చిమాసియా విద్యార్థులు చిరకాలముగా చదువుచునే యున్నారు. సీట్లకు కొఱత లేదు. ఆ సీటున కూర్చుండువానికి ఎదుట గురువుండవలెను, నెలనెలా తప్పక భృతి యందవలెను, పనిచేయు పరికరముండవలెను, వాని దేశపు పట్టమునకు సమానత నిర్ణయించు కాగితము నెలల తరబడి బల్లమీద పడియుండరాదు.

కావున మన విశ్వవిద్యాలయాధికారులకు నా విన్నపమిది: పరదేశములలో విద్యాప్రదర్శనములకు ఖర్చుచేయు ధనమును ముందుగా ఖాళీపడిన ఆచార్యస్థానములను పూరించుటకును, పరిశోధక భృతులను నెల మొదటితేదీన చెల్లించుటకును వినియోగింపుడు. మన శాఖలలో ఏదో యొక విద్యను, సముద్రశాస్త్రమో, మెట్టపంటల జన్యుశాస్త్రమో, మందుల రసాయనమో, మఱియొకచోట అంత బాగుగా దొరకదు అనిపించునంతగా పెంపొందింపుడు. పోవుచున్న పిల్లలారా, మీరు చేరబోవు శాఖలో గురువెవరో, భృతి యెంతో, ముందు వెళ్లినవారి అనుభవ మేమో తెలిసికొనిన పిమ్మటనే సంతకము చేయుడు. గురువు, భృతి, తెఱచిన ద్వారము అను మూడును ఉన్నచోటికి విద్యార్థులు సముద్రములు దాటి వచ్చిరి, ఇకముందును వత్తురు.