అట్ట మీద ఏం వెయ్యాలి?



మన "వెన్నెల" గోడపత్రికకి జూన్ నెల నుంచి నేను అట్ట వేస్తున్నాను. గోడపత్రికకి అట్ట ఏమిటి, అది పుస్తకం కాదు కదా అని ఆరో తరగతి పిల్లలు అడుగుతున్నారు. నిజమే, మనది తిరగేసే పత్రిక కాదు. థర్మాకోల్ షీటు మీద పన్నెండు కాగితాలు గుండుసూదులతో గుచ్చుతాము. వాటి మధ్యన, పైన, పేరు, నెల, బొమ్మ ఉన్న పెద్ద డ్రాయింగ్ షీటు ఉంటుంది చూడండి, దాన్నే నేను అట్ట అంటున్నాను. ప్లేటు పట్టుకుని భోజనాల షెడ్డుకి వెళ్లేవాళ్లు ముందు చూసేది అదే. చాలామంది అదొక్కటే చూసి వెళ్లిపోతారు కూడా. (నాకు తెలుసు. స్తంభం పక్కన నిలబడి లెక్కపెట్టాను.) అందుకని అట్ట ఎలా తయారుచేస్తారో, నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

నాకు ఇది నేర్పింది మా పెద్దమ్మ కూతురు. మా ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల తనే. నేను అప్పా అని పిలుస్తాను. విశాఖపట్నంలో జర్నలిజం చదువుతోంది. వాళ్లకి చదువులో ఒక భాగం ఏమిటంటే, సొంతంగా ఒక పత్రికకి అట్ట తయారుచేసి చూపించాలంట. ఫోటో కూడా సొంతంగా తియ్యాలి, ఎవరిదో తెచ్చి అతికించకూడదు. వేసవి సెలవుల్లో ఊరొచ్చినప్పుడు ఆ పనంతా మా ఇంటి అరుగు మీద కూర్చునే చేసింది. నేను పక్కన కూర్చుని చూశాను.

మంచి బొమ్మ ఒకటి వెతికి, దాని మీద పేరు రాసేస్తే అట్ట అయిపోతుంది అని నేను అనుకునేదాన్ని. అప్ప మూడు రోజులు బొమ్మ జోలికే పోలేదు. నోటుబుక్కులో "ఇది ఎవరు చదువుతారు?" అని రాసుకుని దాని కింద జవాబులు రాసింది. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయిలు. బస్టాండులో కొంటారు. చేతిలో కొంచెమే డబ్బులుంటాయి. బస్సు కదిలేలోపు కొనాలా వద్దా అని తేల్చుకుంటారు. ఇదంతా రాసుకున్నాక పాత పత్రికలు పది పన్నెండు నేలమీద పరిచి, ఏది ముందు కంటికి కనపడుతోందో నన్ను చెప్పమంది. ఆ తర్వాత అగ్గిపెట్టె అంతంత గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రకంగా చిన్న బొమ్మ వేసింది. బొమ్మంటే బొమ్మ కాదు, ముఖానికి ఒక సున్నా, అక్షరాలకి రెండు గీతలు. అలా పదకొండు వేసి తొమ్మిది కొట్టేసింది. "పెద్ద కాగితం మీద తప్పు చేస్తే ఏడుపొస్తాది, అగ్గిపెట్టి మీద చేస్తే నవ్వొస్తాది" అంది. నేను కూడా ఇప్పుడు అలాగే చేస్తున్నాను. డ్రాయింగ్ షీటు ఖరీదు మనకి తెలుసు కదా.

పత్రిక పేరు ఎప్పుడూ పైనే ఎందుకుంటుందో మీకు తెలుసా? నాకు తెలియదు, అప్ప చెప్పింది. షాపులో పత్రికల్ని మెట్లలాగా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అప్పుడు వెనక ఉన్నదాని తల మాత్రమే కనపడుతుంది. పేరు కింద ఉంటే ముందున్న పత్రిక దాన్ని మింగేస్తుంది. ఆ పేరు రాసే తీరు నెలనెలా మార్చరు. చదవడం రాకపోయినా ఆకారం చూసి ఇది ఫలానా పత్రిక అని గుర్తుపట్టాలి. కొన్ని పత్రికలకి అంచు కూడా గుర్తే. అమెరికాలో "టైమ్" అనే వారపత్రికకి 1927 నుంచి ఎర్ర అంచు ఉంది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ మీద దాడి జరిగినప్పుడు వేసిన సంచికకి మాత్రం ఆ అంచు నల్లగా వేశారు. ఒక్క అక్షరం చదవకుండానే ఏదో ఘోరం జరిగిందని తెలిసిపోతుంది.

మన లైబ్రరీ బీరువాలో పాత చందమామలు బైండు చేసినవి ఉన్నాయి. చందమామ 1947 జూలైలో మొదలైంది, ఇప్పుడు రావడం లేదు. వాటి అట్టల మీద రాత చాలా తక్కువ, బొమ్మే మొత్తం పరుచుకుని ఉంటుంది. ఆ బొమ్మల్లో చాలావాటి కింద "వ.పా." అని చిన్న సంతకం ఉంటుంది, వెతకండి. ఆయన వడ్డాది పాపయ్య గారు. శ్రీకాకుళంలో పుట్టి, మన కొండల కింద ఉన్న కశింకోటలో ఉండేవారు, 1992లో చనిపోయారు. అంత పెద్ద చిత్రకారుడు మనకి ఇంత దగ్గర వాడా అని నాకు భలే సంతోషం వేసింది. ఆయన చీర మడతలు ఎలా వేశారో చూడండి, నేను నాలుగుసార్లు వేసినా రాలేదు.

ఇప్పుడు అక్షరాల సంగతి. అప్ప పుస్తకాల్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాల లెక్కలు. మనవాటికి అవి సరిపోవు. "వెన్నెల" తీసుకోండి. న మీద ఎత్వం పైకి పోతుంది, కింద న వత్తు ఉంటుంది. పైన కింద చోటు వదలకపోతే వత్తు వచ్చి కింది లైనులో తలకట్టుకి గుద్దుకుంటుంది. నా మొదటి అట్టలో అదే జరిగింది. దూరం నుంచి ఎంత దూరం కనపడతాయో చూద్దామని నేనూ నా బెంచీ పిల్లా వరండాలో అడుగులు కొలిచాము. తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు ఐదు అడుగులు దాటితే మాయం. పసుపు మీద నలుపు అయితే వరండా చివర నుంచి కూడా కనపడింది. మెరుపు స్కెచ్ పెన్ను అందరికీ ఇష్టమే గానీ సాయంత్రం ట్యూబులైటు వెలుగులో అది మెరుస్తుందే తప్ప చదవడానికి రాదు.

అచ్చు వేసే అట్టకి ఇంకో రెండు సంగతులున్నాయి, మనకి అవసరం లేకపోయినా రాస్తున్నాను ఎందుకంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఒకటి, రంగు ఫోటోని నాలుగే సిరాలతో అచ్చు వేస్తారు. నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. సైన్సు మేడమ్ గారిని అడిగి భూతద్దంతో ఆదివారం పేపరు పుస్తకం చూశాను. అన్నీ చుక్కలే! రెండోది, బొమ్మ అంచు వరకు రావాలంటే కాగితం కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి అచ్చు వేసి తర్వాత కోస్తారు. కత్తి వెంట్రుకంత పక్కకి పోయినా తెల్ల గీత కనపడకుండా.

ఇంక నా తప్పులు రాస్తాను.

జూన్ అట్టకి నేను ఒక పాత క్యాలెండరు చూసి బొమ్మ దించాను. కొండ, జలపాతం, తలమీద ఈకలు పెట్టుకుని చేతులు పైకెత్తి ఒక్కతే ఎగురుతున్న గిరిజన పిల్ల. అందరూ బాగుందన్నారు. రెండో శనివారం మా అమ్మ చూడ్డానికి వచ్చింది. అమ్మకి చదువు రాదు. మా ఇంట్లో అక్షరం పట్టుకున్నది నేనే మొదలు. నేను వేశానని చెప్పకుండా చూపించాను. అమ్మ చాలాసేపు చూసి "ఇదెవుల బొమ్మే? సినిమావోళ్లదా?" అంది. నాకు నోట మాట రాలేదు. మన థింసాలో ఎవరైనా ఒక్కతే చేతులెత్తి ఎగురుతుందా? నడుముల వెనక చేతులు పట్టుకుని వరసగా అడుగేస్తాము. ఈకలు నేను ఎప్పుడైనా పెట్టుకున్నానా? మనల్ని ఎప్పుడూ చూడనివాళ్లు వేసిన బొమ్మని నేను మనదే అనుకుని దించేశాను.

జూలైలో మన పిల్లల ముఖాలు వేశాను. అందులో ఇంకో తప్పు. క్రేయాన్ల డబ్బాలో ఒకదాన్ని అందరం "స్కిన్ కలర్" అంటాము కదా, లేత గులాబీది. దాంతోనే ముఖాలు నింపాను. పూర్తయ్యాక చూస్తే మన తరగతిలో ఒక్క పిల్లా లేదు ఆ బొమ్మలో. ఫోన్లో అప్పకి చెప్తే 1994 సంగతి ఒకటి చెప్పింది. అమెరికాలో ఓ.జె. సింప్సన్ అనే నల్లజాతి ఆటగాడిని హత్య కేసులో పట్టుకున్నారు. పోలీసులు తీసిన ఒకే ఫోటోని ఆ జూన్‌లో రెండు పెద్ద పత్రికలు అట్ట మీద వేశాయి. "న్యూస్‌వీక్" ఉన్నది ఉన్నట్టు వేసింది. "టైమ్" ముఖాన్ని ఇంకా నల్లగా, భయం పుట్టేలా చేసి వేసింది. రెండూ షాపుల్లో పక్కపక్కనే ఉండేసరికి తేడా అందరికీ తెలిసిపోయింది. నలుపంటే నేరం అన్నట్టు చేశారని చాలామంది కోప్పడ్డారు. వాళ్లు నల్లగా చేశారు, నేను తెల్లగా చేశాను. ఇప్పుడు గోధుమ రంగు వేసి, మీద కొంచెం నారింజ రుద్దుతున్నాను. ఎండలో నిలబడ్డ మన ముఖం లాగానే వస్తోంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు సెప్టెంబరుది. ఆగస్టులో మోటారు కాలిపోయి తొమ్మిది రోజులు ట్యాంకులోకి నీళ్లు ఎక్కలేదని మీకు గుర్తుంది. గెడ్డలో నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. గేటు దగ్గర బోరింగు ఒక్కటే దిక్కు. తెల్లారి నాలుగింటికి బకెట్లు వరసలో పెట్టేవాళ్లం. ఎనిమిదో తరగతి వాళ్లు దాని మీదే వ్యాసం రాశారు. ఆ నెల అన్నిటికన్నా బాగున్న వ్యాసం అదే, కాబట్టి అట్ట దాని గురించే ఉండాలి. మనుషులు లేకుండా ఖాళీ బకెట్ల వరస వేద్దామనుకున్నాను.

కాగితం నిలువుగా ఉంటుంది. వరస, గేటు, హాస్టలు అన్నీ పట్టలేదు. అందుకని బోరింగుని గేటు దగ్గర నుంచి లాక్కొచ్చి వార్డెన్ మేడమ్ గారి గది గుమ్మం ముందు పెట్టాను. కాగితంలో చక్కగా ఇమిడిపోయింది. గుచ్చేశాము. సాయంత్రం మేడమ్ గారు వచ్చి దాని ముందు నిలబడ్డారు. నా కాళ్లు వణికాయి. అట్ట తీయించేస్తారు, వ్యాసం కూడా పోతుంది, ఎనిమిదో తరగతి వాళ్లు నన్ను తిడతారు అనుకున్నాను. మేడమ్ గారు "బోరింగు నా గుమ్మంలోకి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగారు. పక్కనున్నవాళ్లు నవ్వారు, ఆవిడ నవ్వలేదు. "ఆ తొమ్మిది రోజులూ నా ఎర్ర బకెట్టు కూడా గేటు దగ్గర మీ వరసలోనే ఉంది" అన్నారు.

అది నిజం. నేను చూశాను కూడా. కానీ నా బొమ్మ చూసినవాళ్లు మేడమ్ గారి గుమ్మంలో నీళ్లున్నాయి, మనం బయట నిలబడ్డాం అనుకుంటారు. నేను అలా చెప్పాలనుకోలేదు, కాగితం చాలక జరిపాను అంతే. విచిత్రం ఏమిటంటే ఇలాంటి కథ అప్ప నాకు సెలవుల్లోనే చెప్పింది. 1982 ఫిబ్రవరిలో "నేషనల్ జియోగ్రాఫిక్" అనే పత్రిక ఈజిప్టు పిరమిడ్ల ఫోటో అట్టకి తీసుకుంది. ఫోటో అడ్డంగా ఉంది, అట్ట నిలువుగా ఉంది. కంప్యూటరులో పిరమిడ్లని దగ్గరికి జరిపి వేసేశారు. పెద్ద గొడవ అయింది, అది తప్పేనని తర్వాత ఆ పత్రికవాళ్లే ఒప్పుకున్నారు. నేను ఆ కథ విని "రాళ్లే కదా, ఏటవుద్ది" అన్నాను. బోరింగు జరిపినప్పుడు ఆ మాట నాకు గుర్తే రాలేదు.

మేడమ్ గారు తీసెయ్యమనలేదు. ఉన్నది ఉన్నట్టు వేసి మళ్లీ పెట్టమన్నారు. ఆ రాత్రి స్టడీ అవర్ తర్వాత మళ్లీ వేశాను. ఈసారి ఏదీ జరపలేదు, కోసేశాను. హాస్టలు లేదు, గేటు లేదు. కింద నుంచి పైకి వంకరగా పోయే బకెట్లు, చివర బోరింగు. ఎర్ర బకెట్టు ఏడోది. మీద ఒక్కటే లైను: "నీళ్లు రాని తొమ్మిది రోజులు". నిజానికి కింద "లోపల జోకులు కూడా" అని రాయాలనిపించింది గానీ జూలైలో అలా రాసి, జోకుల పేజీ రాక ఆరో తరగతి వాళ్ల చేత తిట్లు తిన్నాను. లోపల లేనిది అట్ట మీద రాయకూడదు.

ఆ నెల అమ్మ మళ్లీ వచ్చింది. నేనేమీ చెప్పలేదు. అమ్మ బకెట్లని వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోయి, నీలం దాని దగ్గర ఆగింది. దాని చెయ్యి విరిగిపోతే మా అయ్య తాడుతో కట్టాడు. "ఇది మీ అయ్య కట్టిందే" అంది. తర్వాత "అన్ని దినాలు నీళ్లు నేవా? మరి ఇంటికి కబురెట్టలేదేటే?" అని నన్ను కోప్పడింది. పక్కన ఎనిమిదో తరగతి వాళ్ల వ్యాసం మొత్తం నేను చదివి వినిపించాను.

వచ్చే నెల సంచికలో కాఫీ పండ్ల కోత మీద రెండు వ్యాసాలు వస్తున్నాయి. కోతకి వెళ్లినవాళ్లు బుట్ట నడుముకి ఎలా కట్టుకుంటారో అగ్గిపెట్టె అంత బొమ్మ వేసి శనివారం లోపల నాకు ఇవ్వండి. బాగా రాకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని