లాక్టోజ్ అసహనం: గుర్తింపు, ఆహార యాజమాన్యం

పాలు తాగగానే కడుపు ఉబ్బరించి విరేచనాలైతే, "పాలు పడవు" అని భావించి పాలతో పాటు పెరుగు, మజ్జిగలను కూడా మానివేయడం పలు కుటుంబాలలో కనిపిస్తుంది. దీనివల్ల, ముఖ్యంగా శాకాహారులలో, కాల్షియం, విటమిన్ బి12 లభ్యత తగ్గుతుంది. లాక్టోజ్ అసహనం గలవారిలో చాలామందికి ఇంతటి వర్జనం అనవసరం. మోతాదును, పదార్థ రూపాన్ని మార్చుకుంటే చాలును.

కారణం

ఆవు, గేదె పాలలో సుమారు 5 శాతం లాక్టోజ్ (పాల చక్కెర) ఉంటుంది. చిన్నప్రేగులలోని లాక్టేజ్ ఎంజైము దీనిని గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొడుతుంది. బాల్యం నుండే చాలామందిలో జన్యుపరంగా ఈ ఎంజైము తగ్గుతూ వస్తుంది. ఉత్తర భారతంతో పోల్చితే దక్షిణ భారతంలో ఈ లక్షణం అధికం. జీర్ణం కాని లాక్టోజ్ ప్రేగులలోకి నీటిని లాగుతుంది. పెద్దప్రేగులోని బాక్టీరియా దానిని పులియబెట్టి వాయువులను విడుదల చేస్తుంది.

గుర్తింపు

పాలు తాగిన అరగంట నుండి కొన్ని గంటలలోపు ఉబ్బరం, నొప్పి, నీళ్ల విరేచనాలు కలుగుతాయి. రెండు వారాలు పాల పదార్థాలు మాని, తిరిగి తీసుకొని చూడవచ్చు. నిర్ధారణకు హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఉన్నది. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే అది పాల మాంసకృత్తుల అలర్జీ కావచ్చును. అట్టివారు పాలతో ప్రయోగాలు చేయరాదు. మలంలో రక్తం, బరువు తగ్గుదల ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపాలి.

యాజమాన్యం

• ఒకేసారి సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ను, అనగా ఒక గ్లాసు (250 మి.లీ.) పాలను, చాలామంది తట్టుకోగలరు. అరగ్లాసుతో మొదలుపెట్టి, భోజనంతో కలిపి తీసుకోవాలి.
• పెరుగు తోడుకొనేటప్పుడు కొంత లాక్టోజ్ ఆమ్లంగా మారుతుంది. అందువలన పెరుగు, మజ్జిగ సులువుగా జీర్ణమవుతాయి.
• పన్నీరులో లాక్టోజ్ అధికభాగం తేటతో పోతుంది. నేతిలో దాదాపు ఉండదు. కోవాలో మాత్రం నీరు ఇగిరి దాని గాఢత పెరుగుతుంది.
• మరగబెట్టినంత మాత్రాన లాక్టోజ్ తగ్గదు. ఏ2 పాలలోనూ అది అంతే ఉంటుంది.
• 100 గ్రాముల రాగులలో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గి శరీరం దానిని మెరుగుగా గ్రహిస్తుంది. నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు కూడా మేలు.

విరేచనాల అనంతరం పసిపిల్లలలో కలిగే అసహనం సాధారణంగా తాత్కాలికం. ఆ సమయంలో తల్లిపాలు ఆపరాదు.

కావున విస్తరణ సిబ్బంది "పాలు మానండి" అని సలహా ఇచ్చే ముందు ఎంత తాగారు, ఏ రూపంలో, పరగడుపునా భోజనంతోనా అని విచారించాలి. తగిన సలహా ఈ మూడు సమాధానాలపైననే ఆధారపడి ఉంటుంది.