తుప్పు పట్టిన ట్రాక్టరు తిరిగి కదిలేదెలా?

1958 జనవరి 4వ తేదీన ఎడ్మండ్ హిల్లరీ, ఆయన సహచరులు దక్షిణ ధ్రువాన్ని చేరుకున్నారు. 1953లో టెన్సింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కిన హిల్లరీయే ఈయన. అయితే ఈసారి వారు ప్రయాణం చేసింది దేనిమీదనో తెలుసా? పొలం దున్నే ట్రాక్టర్లమీద! మంచులో కూరుకుపోకుండా చక్రాలకు పట్టాలు తగిలించుకున్నారు. మోటారు వాహనాలతో నేలమీదుగా దక్షిణ ధ్రువం చేరడం అదే మొదటిసారి.

ఆ ట్రాక్టరు పేరు ఫెర్గూసన్ టి.ఇ. 20. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో ఇవి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. మన పొలాల్లో ట్రాక్టరు వెనక కల్టివేటరు లేవడం, దిగడం మీరు చూసే ఉంటారు. దాన్ని మూడు కడ్డీలకు తగిలించి, నూనె పీడనంతో పైకెత్తే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు హారీ ఫెర్గూసన్. ఆయన కంపెనీ 1953లో మాసీ హారిస్ కంపెనీతో కలిసింది. మన రైతులకు బాగా తెలిసిన మాసీ ఫెర్గూసన్ పేరు అలా వచ్చిందే.

చెట్లకింద, పాత షెడ్లలో ఏళ్ళతరబడి పడివున్న ఈ ట్రాక్టర్లను తెచ్చుకొని, ఇంటి దగ్గరే బాగుచేసుకొనేవారు బ్రిటన్‌లో చాలామంది ఉన్నారు. వారికి తరచుగా మొదట ఎదురయ్యే చిక్కు ఇది: ఇంజను తిరగదు. ఈ దశలో ఏం చేస్తారన్నదాన్నిబట్టే ఆ ట్రాక్టరు మళ్ళీ పొలంలోకి వెళ్ళేదీ, పాత ఇనుము కొట్టుకు చేరేదీ తేలుతుంది.

ఇంజను ఎందుకు బిగుసుకుంటుంది?

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుందని మీరు చదువుకున్నారు. తుప్పు అంటే నీటితో కూడిన ఐరన్ ఆక్సైడు. అది ఏ ఇనుమునుంచి పుట్టిందో, ఆ ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

పొగగొట్టం పైకి నిలబడివున్న ట్రాక్టరును వానలో వదిలేస్తే, నీరు ఆ గొట్టంలోంచి దిగి, తెరుచుకొనివున్న వాల్వు గుండా సిలిండరులోకి చేరుతుంది. పిస్టను రింగులకూ సిలిండరు గోడకూ మధ్య ఉన్న సన్నని సందులో తుప్పు పుట్టి, ఉబ్బి, రెంటినీ బిగించేస్తుంది. మన ఊళ్ళలో రైతులు ఆ గొట్టంమీద ఖాళీ డబ్బా బోర్లించేది ఇందుకే!

అలాంటి ఇంజనును మరో ట్రాక్టరుకు కట్టి బలంగా లాగితే ఏమవుతుంది? పిస్టను కదలదు, దానికి తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. రింగులు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది.

నూనె చేసే పని

అందుచేత అనుభవజ్ఞులు ముందు స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె పోసి, రోజులతరబడి ఆగుతారు. దీపపు వత్తిలో నూనె ఎలా పాకుతుందో, సన్నని సందుల్లోకి కూడా అలాగే పాకుతుంది. ఇదే కేశనాళికత. తరువాత ఫ్లైవీలును చేతికడ్డీతో కొద్దిగా అటూ, కొద్దిగా ఇటూ కదుపుతారు. వెంట్రుకవాసి కదిలినా చాలు, నూనె మరికొంత లోపలికి పోతుంది. అప్పటికీ కదలకపోతే ఇంజను పైభాగం విప్పుతారు. టి.ఇ. 20 పెట్రోలు ఇంజనులో సిలిండరు లైనర్లను ఊడదీసి కొత్తవి వేసే వీలుంది.

వేడిచేస్తే రంధ్రం పెరుగుతుందా, తగ్గుతుందా?

బిగిసిన నట్టును వేడిచేసి విప్పడం మెకానిక్కులకు తెలిసిన ఉపాయం. నట్టు వ్యాకోచిస్తే దాని రంధ్రం చిన్నదవుతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. కాదు, రంధ్రం కూడా పెద్దదే అవుతుంది. 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఇనుము పొడవు ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 0.000012 మిల్లీమీటరు పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 300 డిగ్రీల మేరకు వేడిచేస్తే, రంధ్రం 20 × 0.000012 × 300 = 0.072 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది ఇంచుమించు తలవెంట్రుక మందం. బోల్టు వేడెక్కకముందే నట్టును తిప్పగలిగితే, తుప్పు పట్టు విడవడానికి ఆ మాత్రం చాలు.

విద్యుత్తుతో శుభ్రం

విప్పిన ఇనుప భాగాలను సుత్తితో కొట్టకుండానే శుభ్రం చేయవచ్చు. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా కలిపిన నీరు పోసి, తుప్పు పట్టిన భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికీ, పాత ఇనుపరేకును ధనధ్రువానికీ కలుపుతారు. తుప్పు పట్టిన భాగంమీద హైడ్రోజన్ బుడగలు పుడతాయి. తుప్పు మెత్తని నల్లని పొరగా మారి, బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. మంచి ఇనుము అరగదు.

అయితే మూడు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, దానిలోని క్రోమియం విషపూరితమైన సమ్మేళనంగా మారి నీటిలో కలుస్తుంది. ఇక పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని దానికి వెల్డింగు చేయించరాదు. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే అది పేలుతుంది.

మీరు చేయదగిన ప్రయోగం

ఒకే కొలత గల నాలుగు ఇనుప బోల్టులకు నట్టులు బిగించి, ఉప్పునీటితో తడుపుతూ రెండు వారాలు ఉంచండి. తరువాత ఒకదానిని అలాగే వదిలి, మిగిలినవాటికి కొబ్బరినూనె, ఇంజను ఆయిలు, డీజిలు ఒక్కొక్కటి పూయండి. ఒక రోజు ఆగి, నాలుగింటినీ ఒకే పానాతో విప్పి చూడండి. ఏది సులువుగా వచ్చింది? ఏది మొండికేసింది? ఫలితాలను పట్టికగా రాసి, కారణమేమిటో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.