ఆక్సిజన్ సెన్సర్ కొనే ముందు కోడ్ చదవండి

మన మ్యాగజైన్‌లో కవితలు, కథలు బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు అవి రావు కాబట్టి మా కారు గురించి రాస్తున్నాను. 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న వేసవిలో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, మైలేజీ పడిపోయింది. "ఏట్రా, పెట్రోలు ఇలా తాగేస్తంది" అని నాన్న రోజూ అనేవారు. ఒకచోట చూపిస్తే రెండు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చాలి, తొమ్మిది వేలవుతుందన్నారు. మా ఇంట్లో తొమ్మిది వేలంటే చిన్న మాట కాదు. చివరికి ఒక్కటే మార్చాం, అదీ ఇంటి దగ్గరే.

ముందు ఆ సెన్సర్ ఏం చేస్తుందో చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బయటి గాలితో పోల్చి సెన్సర్ ఒక వోల్టేజీ ఇస్తుంది. 0.9 వోల్టుల దగ్గరుంటే పెట్రోలు ఎక్కువైనట్టు, 0.1 దగ్గరుంటే గాలి ఎక్కువైనట్టు. దాన్ని చూసి ఈసీయూ పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. మన భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చింది. ఇప్పటి కార్లలో సాధారణంగా రెండుంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ ముందున్నది పెట్రోలు లెక్క చూస్తుంది, వెనకున్నది కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని చూస్తుంది.

సెన్సర్ 300 డిగ్రీలు దాటి వేడెక్కితేనే సరిగ్గా పని చేస్తుంది. అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. మాకు క్లూ ఇక్కడే దొరికింది. నాతవలస దగ్గర హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్తే మైలేజీ బాగానే వచ్చేది. విజయనగరం ఊళ్ళో మయూరి జంక్షన్‌కీ కోట జంక్షన్‌కీ తిరిగితేనే పడిపోయేది. లాంగ్ డ్రైవ్‌లో పొగ వేడే సెన్సర్‌కి సరిపోతుంది. రెండు కిలోమీటర్లకే బండి ఆపేస్తే హీటర్ లేని సెన్సర్ నిద్ర లేవనే లేవదు.

కోడ్ చదవడానికి ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, అంతకంటే పాతవి కొన్ని పలకవు. మాకు వచ్చిన కోడ్ పి0135, అంటే ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్. సర్క్యూట్ అన్నారు గానీ సెన్సర్ పోయిందనలేదు, గమనించండి. కంపైలర్ ఎర్రర్ చూపించిన లైన్‌లోనే తప్పు ఉండాలని లేదు కదా, ఇదీ అంతే. ముందు ఫ్యూజు చూశాం, బాగుంది. ఇగ్నిషన్ ఆన్ చేస్తే కనెక్టర్ దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయి. సెన్సర్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే కొన్ని ఓమ్‌లు చూపించాలి. మాకు ఓపెన్ చూపించింది. హీటర్ తెగిపోయిందని అప్పుడు తేలింది. వెనక సెన్సర్ జోలికి వెళ్ళాల్సిన పనే లేదు. అదే పి0420 వచ్చి ఉంటే అనుమానం కన్వర్టర్ మీద, పి0171 అయితే గాలి లీకు మీద కూడా పడాలి.

ఇక మార్చడం. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో తుప్పే అసలు శత్రువు. ముందు రోజు రాత్రి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టర్ విప్పి, 22 నంబరు పానా లేదా వైరు దూరే గాడి ఉన్న ఆక్సిజన్ సెన్సర్ సాకెట్ వాడండి. కిందికి దూరాలంటే ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. కొత్తది ముందు చేత్తోనే తిప్పాలి, లేకపోతే మర కొట్టుకుపోతుంది. యాంటీ సీజ్ మరలకే, మొనకు అంటకూడదు. సిలికాన్ సీలెంట్ దగ్గరికే రానీయొద్దు, సెన్సర్ పాడవుతుంది. బిగింపు చాలా బండ్లకు 45 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండి మాన్యువల్ చెప్పిందే ఫైనల్. వైరు పొగగొట్టానికి తగలకుండా కట్టేయండి.

కోడ్ చెరిపేస్తే పని అయిపోయినట్టు కాదు. ఇంజిన్ వేడెక్కాక గ్రాఫ్ చూడండి, ముందు సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న బండ్లలో మాత్రం రీడింగ్ వేరేగా ఉంటుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ ఆన్ చేయొద్దు, ఆ పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

మొత్తం పని గంటన్నర పట్టింది, నాన్న టార్చి పట్టుకున్నారు. మీ ఇంట్లో కూడా లైటు వెలిగితే, పార్టుకి డబ్బులిచ్చే ముందు ఒక్క మాట అడగండి: "కోడ్ ఏంటి, దేన్ని కొలిచి చెప్తున్నారు?" ఆ రెండో ప్రశ్నకి జవాబు వచ్చాకే డబ్బు తీయండి.