వెనక పలక కుళ్ళిన ఫైబర్ పడవ

ఫైబర్ పడవకు వెనకవైపు అడ్డంగా నిలబడిన గోడను ట్రాన్సమ్ అంటారు. తేలిక మాటలో చెప్పాలంటే వెనక పలక. ఔట్‌బోర్డు ఇంజను వేలాడేది దీనికే. 40 హార్స్‌పవర్ ఇంజను బరువు 70 కిలోలకు పైమాటే. ఆ బరువును మోయడంతో పలక పని అయిపోదు. ప్రొపెల్లరు పడవను ముందుకు నెట్టినప్పుడు ఇంజను కింది భాగం పలకను లోపలికి అదుముతుంది, పైనున్న బోల్టులేమో వెనక్కి గుంజుతాయి. పడవ అల మీద ఎగిరి పడ్డ ప్రతిసారీ, ఇంజను వెనక్కి తిప్పిన ప్రతిసారీ ఈ గుంజుడు దిశ మార్చుకుంటుంది. పడవ మొత్తంలో ఇంతగా నలిగే చోటు మరొకటి లేదు. పాత పడవల్లో తరచుగా ముందు పోయేదీ ఇదే. చాలాకాలం దాకా పోయినట్టు పైకి కనిపించదు.

ఫైబర్ కుళ్ళదు, దాని కడుపులోని చెక్క కుళ్ళుతుంది. పలకను అడ్డంగా కోసి చూస్తే మూడు పొరలుంటాయి. బయట ఐదు మిల్లీమీటర్ల వరకు ఫైబర్ తొక్క, మధ్యలో 38 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల మళ్ళీ ఫైబర్ తొక్క. పలక వంగబోయినప్పుడు ఒక తొక్క సాగాలి, రెండోది కుంచించుకుపోవాలి. ఆ రెండూ తమ దారిన తాము జారిపోకుండా పట్టి ఉంచేది మధ్యలోని చెక్క. పట్టు ఉన్నంతకాలం పలక 48 మిల్లీమీటర్ల ఒకే దిమ్మలా పనిచేస్తుంది. పట్టు వదిలితే మిగిలేవి రెండు పలచని రేకులు. వంపును తట్టుకునే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి తేడా చాలా ఎక్కువ. చెక్క సొంత బలాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, కలిసి ఉన్న తొక్కల గట్టిదనం విడిపోయిన తొక్కలకన్నా దాదాపు 220 రెట్లు. రంగు మెరుస్తూ, అంచులు నిగనిగలాడుతూ ఉన్న పడవ వెనక పలక ఇంజను స్టార్టు చేయగానే అప్పడంలా వంగడానికి కారణం ఇదే.

గాజునారను పాలిఎస్టర్ రెజిన్‌లో తడిపి పడవలు చేయడం 1940లలో అమెరికాలో మొదలైంది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం చేపట్టాక, అలలను దాటి ఇసుక మీదికి ఎక్కగల ఫైబర్ పడవల నమూనాలు ఆంధ్ర తీరానికి వచ్చాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ చెక్క నావలను, తెప్పలను ముక్కలు చేసి పోయింది. పోయిన వాటి స్థానంలోకి వచ్చిన వాటిలో ఫైబర్ పడవలే ఎక్కువ. ఆ తరం పడవలకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు నిండాయి. ప్లైవుడ్ పలక సంగతి చూసుకోవలసిన వయసిది.

చెక్కను తినేది శిలీంధ్రం. దానికి కావలసినవి తేమ, గాలి, వెచ్చదనం. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది తల ఎత్తదు. 30 శాతం చుట్టుపక్కలకు చేరితే విజృంభిస్తుంది. 25 నుంచి 32 డిగ్రీల వేడి దానికి హాయి. కృష్ణా డెల్టాలో ఆ హాయి ఏడాదిలో చాలా నెలలు దొరుకుతుంది. గోధుమ కుళ్ళు అనే రకం చెక్కలోని సెల్యులోజును తిని లిగ్నిన్‌ను వదిలేస్తుంది. మిగిలిన చెక్క నిలువుగా, అడ్డంగా పగిలి చిన్న చిన్న పాచికల్లా విడిపోతుంది. ఎండాక వేళ్ళతో నలిపితే ముక్కుపొడుంలా రాలుతుంది.

ఉప్పు ఈ శిలీంధ్రానికి అంతగా గిట్టదు. ఆవకాయ ఏడాదంతా నిలవడంలో ఉప్పు చేసే మేలు లాంటిదే సముద్రపు నీళ్ళు చెక్కకు కొంతవరకు చేస్తాయి. అందుకే బందరు తీరాన ఉప్పునీళ్ళలో నానే పడవకన్నా, విజయవాడలో కృష్ణ నీళ్ళలో తిరిగి వానలో నానే పడవకు కుళ్ళు భయం ఎక్కువ. వాడే పడవకన్నా పక్కన పెట్టిన పడవకు మరీ ఎక్కువ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వీధుల్లో తిరిగింది పడవలే. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఇలాంటి రోజు కోసం దాచి ఉంచే పడవ మిగతా కాలమంతా ఆరుబయట పట్టా కింద పడి ఉంటుంది. వాన నీళ్ళు వెనక భాగంలో చేరి నిలుస్తాయి. అవి మంచినీళ్ళు, పట్టా కింద వెచ్చగా ఉంటుంది, గాలి కొద్దిగా ఆడుతుంది. శిలీంధ్రానికి ఇంతకన్నా ఏం కావాలి? అవసరం పడిన రోజున ఆ పడవకు ఇంజను తగిలించేవారు పలకను ముందుగా తట్టి చూడటం ప్రాణాలకు సంబంధించిన విషయం.

నీళ్ళు లోపలికి దూరేది రంధ్రాల గుండా. ఇంజను బోల్టులకు, నిచ్చెనకు, తాడు కట్టే కొక్కేలకు చేసిన ప్రతి రంధ్రం గోడలో ప్లైవుడ్ పచ్చిగా బయటపడుతుంది. వాటిలో మొదటి దోషి సాధారణంగా అడుగున నీళ్ళు వదిలే బిరడా రంధ్రం. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న చెక్కకు అడ్డుగా ఒక్క పూత కూడా ఉండదు. అక్కడి నుంచి చెక్క నార పొడవునా నీళ్ళు పైకి పాకుతాయి.

జబ్బు గుర్తించడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పలకంతా చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి చోట టకటకమని, కుళ్ళిన చోట దిండు మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. ఇంజను కింది కాలును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక పైఅంచు కదలకూడదు. బోల్టు బిగించినప్పుడు వాషరు లోపలికి కుంగినా, గోధుమరంగు నీళ్ళు చెమ్మగిల్లినా సంగతి తేలిపోయినట్టే. అనుమానం మిగిలితే లోపలివైపు నుంచి సన్నని మరతో రెండు మూడు చోట్ల రంధ్రం చేసి, రాలే పొట్టును అరచేతిలోకి తీసుకోవాలి. లేత రంగులో పొడిగా, కొత్త కలప వాసనతో ఉంటే చెక్క బతికి ఉంది. తడిసిన టీపొడిలా నల్లగా చేతికి అంటుకుని, ముక్కిన గోనెసంచి వాసన వేస్తే చనిపోయింది. బయటి తొక్క దాటకుండా మరను ఆపుకోవాలి, చూసిన రంధ్రాలను అప్పటికప్పుడే మూసేయాలి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టేవారి దగ్గర ఈ పనికి కావలసిన నేర్పులన్నీ విడివిడిగా ఉన్నాయి. ప్లైవుడ్ కోసే వడ్రంగి, ఫైబర్ మ్యాట్ వేసే మనిషి, స్టీలు బోల్టులు తిప్పే లేత్ ఉన్నచోట పడవ పలక బాగుచేయడం అసాధ్యమేమీ కాదు. అయితే బాడీ పనిలో చెల్లిపోయే ఒక అలవాటు ఇక్కడ చెల్లదు. పగుళ్ళ మీద పుట్టీ రుద్ది, ఉప్పుకాగితం పట్టి, రంగు కొట్టేస్తే బస్సు తిరుగుతుంది. కుళ్ళిన పలకకు అదే చేస్తే లోపలి తేమ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. రంధ్రాలు చేసి పలచని రెజిన్ పోసే చిట్కా కూడా ఫలితమివ్వదు. నీళ్ళు తాగి ఉన్న చెక్క రెజిన్‌ను తాగదు. కుళ్ళిన చెక్క మొత్తం బయటికి రావలసిందే.

లోపలి నుంచి చేస్తే పడవ రూపం చెడదు. ముందు పడవను అడుగంతా సమంగా ఆనేలా దిమ్మల మీద కూర్చోబెట్టాలి. చెక్క తీసేశాక పడవ డొక్క (హల్) ఒంపు తిరిగితే ఆ వంకర శాశ్వతంగా నిలిచిపోతుంది. లోపలి తొక్కను అంచుల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు వదిలి గ్రైండరుతో కోసి తీస్తారు. కుళ్ళిన చోట చెక్క చేత్తో ఊడివస్తుంది. గట్టిగా ఉన్న మూలల్లో మాత్రం ఉలితో చెమటోడ్చాలి. బయటి తొక్కకు అంటిన చివరి పొరను గ్రైండరుతో అరగదీసేటప్పుడు తొక్క పలచబడకుండా చూసుకోవాలి. గాజు ధూళి ఊపిరితిత్తులకు చేటు. మంచి మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

కొత్త చెక్క ఎంపికలో చాలామంది టేకు వైపు మొగ్గుతారు. టేకు తొందరగా కుళ్ళదు, నిజమే. కానీ ఏకచెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ సాగుడు ఫైబర్ తొక్కకు అతుకు ఊడేలా చేస్తుంది. పైగా టేకులోని సహజమైన నూనె జిగురును పట్టనివ్వదు. ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉండటం వల్ల ఆ ఉబ్బు కట్టడి అవుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోవాలి. ఆ ప్రమాణం ప్రకారం జిగురు 72 గంటలు మరుగుతున్న నీళ్ళను తట్టుకోవాలి. ముద్రను నమ్మలేకపోతే చిన్న ముక్కను గిన్నెలో వేసి ఒక పూట ఉడికించి చూడవచ్చు. పొరలు విడిపోతే అది అబద్ధపు ముద్ర. కోసిన అంచుల్లో పొరల మధ్య ఖాళీలు కనిపించినా ఆ పలకను పక్కన పెట్టాలి.

అట్టముక్కతో అచ్చు తీసి, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు కోసి, చిక్కటి ఎపాక్సీతో ఒకదానికొకటి అతికిస్తే 38 మిల్లీమీటర్ల దిమ్మ తయారవుతుంది. అంచులకు పలచని ఎపాక్సీ రెండు మూడు పూతలు తాగించాలి. నీళ్ళు తాగేది అంచులే.

ఎపాక్సీనా పాలిఎస్టరా అన్నది ఇక్కడ వచ్చే పెద్ద ప్రశ్న. పాలిఎస్టర్ చవక, చేతికి అలవాటైన సరుకు. అయితే గట్టిపడేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది, చెక్కకు గానీ పాత ఫైబర్‌కు గానీ ఎపాక్సీ అంత గట్టిగా పట్టదు. ఇరవై ఏళ్ళ నాటి తొక్కలో కొత్త రెజిన్‌తో రసాయనికంగా కలిసే చోట్లు దాదాపు మిగలవు. కొత్త రెజిన్ గరుకుదనాన్ని పట్టుకునే నిలబడాలి. కాబట్టి చెక్క అతకడానికైనా ఎపాక్సీ వాడటం మేలు. ఒకసారి ఎపాక్సీ వేసిన చోట మళ్ళీ పైన పాలిఎస్టర్ వేయకూడదు, సరిగ్గా పట్టదు. మ్యాట్ విషయంలోనూ జాగ్రత్త పడాలి. ముక్కల గాజునారను పట్టి ఉంచే బంక పాలిఎస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. ఎపాక్సీ వాడేటప్పుడు నేసిన గాజుగుడ్డ వేస్తేనే బాగా తడుస్తుంది.

హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది పాలిఎస్టర్ పని నేర్పిన అలవాటు. పాలిఎస్టర్‌లో కేటలిస్టును ఒకటి, రెండు శాతం మధ్య అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఎపాక్సీలో హార్డెనర్ కూడా రెజిన్‌తో కలిసి గట్టి పదార్థంలో భాగమవుతుంది. తూకం తప్పితే మిగిలిపోయింది మిగిలిపోయినట్టే ఉండి, పని మెత్తగా, జిగటగా నిలిచిపోతుంది. పాలిఎస్టర్ వాడేవారు మరో సంగతి మరువకూడదు. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, కేటలిస్టును ఎప్పుడూ నేరుగా కలపకూడదు, భగ్గుమని పేలవచ్చు. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. కేటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది.

విజయవాడ ఎండలో కాలం చూసుకోవడం కూడా పనిలో భాగమే. వేడి పది డిగ్రీలు పెరిగితే రెజిన్ గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మగ్గు నిండా కలిపిన ఎపాక్సీ చేతిలోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. ఆ ఎండ ఖాళీ చేసిన డొక్కను ఆరబెట్టడానికి ఎంతో మంచిది, అతికించడానికి మాత్రం పనికిరాదు. శివరాత్రి నుంచి ఉగాది దాకా గాలి పొడిగా, ఎండ మితంగా ఉండే రోజులు అతుకు పనికి అనువైనవి. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పరిస్తే వేడి తొందరగా పోతుంది.

దిమ్మను కూర్చోబెట్టే ముందు బయటి తొక్క లోపలి ముఖాన్ని ముతక ఉప్పుకాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, చిక్కటి ఎపాక్సీని పళ్ళగరిటెతో చాళ్ళు చాళ్ళుగా పరుస్తారు. దిమ్మను అదిమి, బయట, లోపల సరుగుడు బాదులు పెట్టి, మైనం పూసిన బోల్టులతో బిగిస్తారు. నాలుగు అంచుల నుంచీ జిగురు పొంగిరావాలి. పొంగని చోట ఖాళీ ఉన్నట్టు. అలాగని పిప్పి చేసినట్టు బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది.

ఆ తర్వాత మూలలు. గాజుగుడ్డ నిలువు మూలలో మడత పడదు, పైకి లేచి లోపల గాలి బుడగ మిగులుతుంది. అందుకని దిమ్మ, డొక్క కలిసే చోట జల్లించిన రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీతో సీసా వీపు అంత గుండ్రంగా వంపు కడతారు. పాత తొక్క అంచులను మందానికి 12 రెట్లు ఏటవాలుగా అరగదీస్తారు. ఐదు మిల్లీమీటర్ల తొక్కకు అది ఆరు సెంటీమీటర్లు. గాజుగుడ్డ పొరలు ఒకదానికన్నా ఒకటి పెద్దవిగా దిమ్మ మీదుగా పక్కలకు, అడుగుకు పాకుతూ పోవాలి. ఇంజను తోపు పలక నుంచి డొక్కకు చేరే దారి అదే కాబట్టి పనంతా అక్కడే బలపడాలి. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు తేలితే నీళ్ళతో రుద్ది కడిగాకే తరువాతి పొర వేయాలి.

చివరిగా మళ్ళీ రంధ్రాలు. 12 మిల్లీమీటర్ల బోల్టు కోసం ముందు 20 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 12 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఉంటుంది, నీళ్ళు చెక్కను చేరలేవు. బిరడా రంధ్రానికీ ఇదే పద్ధతి. బోల్టులకు పాలీయురితేన్ సీలెంటు పట్టించి, లోపలివైపు వెడల్పాటి స్టీలు పట్టీ వేసి బిగించాలి. పది గంటలు నడిపాక ఇంజను దించకుండానే నట్లన్నీ ఒకసారి చూసుకోవాలి. సీలెంటు చిట్లిన చోటు కనిపిస్తే ఆ బోల్టు తీసి, పాత సీలెంటు గీకేసి, కొత్తది పట్టించి మళ్ళీ బిగించాలి.