‘యూ’ లేని ‘క్యూ’... తాతగారి ఫకీరు!

బౌరంపేట. ఆదివారం మధ్యాహ్నం. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు ఎటు చూసినా విల్లాలే! వాటి మధ్య ఓ పాత ఇంటి వరండాలో టీపాయ్ మీద స్క్రాబుల్ అట్ట పరిచి ఉంది. ఇటు ఎనభై ఎనిమిదేళ్ళ తాతగారు, అటు సెలవులకు వచ్చిన కాలేజీ మనవరాలు.

తాతగారు నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో అక్షరాలు దిద్దినవారు. ఇంగ్లీషు ఆయనకు తరవాత్తరవాత ఆఫీసు ఫైళ్ళలో అబ్బిన భాష. పెళ్ళిళ్ళలో అల్లుళ్ళు ఇంగ్లీషులో దంచుకుంటుంటే, తాంబూలం నముల్తూ మెల్లగా పక్కకు జరిగిపోవడం ఆయనకు అలవాటు. మరి ఈ ఆటకెందుకు కూర్చున్నారంటారా? మనవరాలు అడిగితే కాదనగలరా!

మొదటి వంతు ఆయనదే. చేతికి వచ్చిన ఏడు బిళ్ళలు: క్యూ, ఎఫ్, ఏ, ఐ, ఆర్, ఎన్, టీ. క్యూ వచ్చింది గాని యూ రాలేదు. క్వీన్ కీ క్వశ్చన్ కీ కూడా యూ లేనిదే గతి లేదాయె! బిళ్ళ మార్చుకోవచ్చు గాని, వంతు పోతుంది.

అన్నట్టు, ఈ ఇరకాటం పెట్టిన మహానుభావుడు ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్. వృత్తికి ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక ఖాళీగా ఉండి, వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కలు కట్టాడు. ఆ లెక్క ప్రకారమే వంద బిళ్ళల్లో ‘ఈ’కి పన్నెండు, ‘యూ’కి నాలుగు, ‘క్యూ’కి ఒకే ఒక్కటి. కానీ ఆ ఒక్కదానికీ పది పాయింట్లు! ఎస్ ఎంత తరచుగా వచ్చే అక్షరమైనా నాలుగే పెట్టాడు. లేకపోతే ప్రతివాడూ ప్రతి మాటకీ బహువచనం తగిలించి గెలిచేయడూ! స్క్రాబుల్ అన్న పేరు మాత్రం 1948లో జేమ్స్ బ్రూనో చేతికి వచ్చాక పెట్టినది.

సరే, మన వరండాకి వద్దాం.

“యూ లేకున్నా క్యూ నడుస్తది తాతా. క్యూ, ఐ... రెండక్షరాల మాట. ‘చీ’ అని పలుకుతరు. చైనావాళ్ళ ప్రాణశక్తి.”

“గిదేం ఇంగ్లీషు బిడ్డా! చైనా మాట ఇంగ్లీషెట్లయితది?”

“డిక్షనరీల ఎక్కితే ఇంగ్లీషే తాతా.”

తాతగారు కాసేపు బిళ్ళల వంక చూశారు. “అయితే ఫకీరు నడుస్తదా? మా బళ్ళె ఫకీరుకు కాఫ్ పెట్టి రాయమనేటోళ్ళు...”

అదిగో, అక్కడుంది కిటుకు! ఉర్దూలో రెండు ‘క’లు. ఒకటి మామూలు ‘క’, రెండోది గొంతులోంచి వచ్చే కాఫ్. మన హైదరాబాదీల నోట్లో ఆ కాఫ్ ‘ఖ’ అయిపోతుంది, అది వేరే సంగతి. ఇంగ్లీషువాళ్ళు మొదటిదానికి కే, రెండోదానికి చాలాసార్లు క్యూ వాడారు. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటల్లో క్యూ పక్కన యూ ఉండాలన్న నియమం లేదు. ఫకీరు, బురఖా, తలాఖ్, నిఖాబ్ - క్యూ పెట్టి, పక్కన యూ లేకుండా, ఈ నాలుగూ ఆటగాళ్ళు ప్రమాణంగా పెట్టుకునే కాలిన్స్ జాబితాలో ఉన్నాయి. చార్మినార్ దగ్గర రోజూ వినబడే మాటలే! ఖవ్వాలీ కూడా ఉంది. మన సినిమా జనానికి కొట్టిన పిండి. ఏడక్షరాలు. అందులో డబ్ల్యూలే రెండు. పెట్టెలో ఉన్నవీ ఆ రెండే. ఏడూ ఒకేసారి వేస్తే యాభై పాయింట్లు అదనం! పక్కనే ఉన్న కుత్బుల్లాపూర్ కి క్యూ ఉంది, యూ కూడా ఉంది. కానీ ఊళ్ళ పేర్లు చెల్లవు. పాపం!

తెలుగు మాటకు చోటు లేదా అంటే, ఎందుకు లేదు? మన పందికొక్కు బాండికూట్ అయి ఎప్పుడో ఇంగ్లీషులో దూరింది. ఆస్ట్రేలియాలో ఆ పేరు ఇంకేదో జంతువుకు తగిలించారు. పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు దొంగిలించడానికి అక్కడ అదే క్రియ కూడా. మన పందికొక్కు గుణం తెలిసే పెట్టినట్టుంది!

మాటల్ని గళ్ళలో ఇరికించే విద్య సినిమావాళ్ళకి కొత్త కాదు. శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ తెలుగులో గళ్ళ పజిల్స్ కూర్చినవాళ్ళే. బాణీ ముందు పెట్టి మాట వెతుక్కునేవాళ్ళకి గడి ఒక లెక్కా! కాకపోతే తెలుగు గడిలో గుణింతం మొత్తం ఒక్క గదిలో కూర్చుంటుంది. ఇంగ్లీషులో అచ్చు, హల్లు వేర్వేరు కాపురాలు. అందుకే అచ్చులు చేతికి రానప్పుడు మనకు కాళ్ళాడవు. అప్పుడు ‘వై’ని పట్టుకోవాలి. సంగీత దర్శకులు రోజూ అనే ‘రిథమ్’ ఉంది చూశారూ, ఆరక్షరాల్లో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కటీ లేదు.

ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్ళే ఈ ఆట గెలుస్తారనుకుంటే పొరపాటు. నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజీలాండ్ ఆయన 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడ్డం రాదు! తొమ్మిది వారాల్లో మాటల జాబితా బుర్రకెక్కించుకున్నాడట. 2024లో స్పానిష్ పోటీలోనూ అదే పని చేశాడు. ఆయనది జ్ఞాపకశక్తి. మన తాతగారిది బడిలో దిద్దిన కాఫ్.

మనవరాలు ఫోన్లో చూసి, “ఉన్నది తాతా! కేతోటి ఉన్నది, క్యూతోటి కూడ ఉన్నది!” అంది. తాతగారు ఐదు బిళ్ళలూ ఒక్కొక్కటే పేర్చారు. పదిహేడు పాయింట్లు, నట్టనడిమి గడి మీదుగా వేశారు గనక రెట్టింపు - ముప్పై నాలుగు.

“మా ఉర్దూ మీడియం ఇంగ్లీషు గిట్లుంటది!” అన్నారు తాంబూలం పక్కన పెట్టి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆట చివరికి మనవరాలే గెలిచింది. తాతగారు అదేమీ పట్టించుకోకుండా పాత డైరీ ఒకటి తీసి కాఫ్ ఉన్న మాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం టీ వేళకి ఇరవై మూడయ్యాయి. అందులో పదకొండు చెల్లవని మనవరాలు కొట్టేస్తే, మిగతా వాటి సంగతి వచ్చే ఆదివారం చూద్దామన్నారు.